‘కారణం తెలియదు’ అనడం వేరు, ‘సైనిక సేవ కారణం కాదు’ అనడం వేరు



మన గోదావరి జిల్లాలంటే వరి, కొబ్బరి, చేపల చెరువులు మాత్రమే గుర్తుకు రావడం సహజం. కాని తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అని ఎందుకంటారో ఈ ప్రాంతపు పెద్దలందరికీ తెలుసు. తరతరాలుగా అక్కడి కుటుంబాలు సైన్యానికి బిడ్డలను పంపుతూ వచ్చాయి. ఒక్క మాధవరమే కాదు, డెల్టాలో ఏ పెద్ద ఊరికి వెళ్ళినా మాజీ సైనికుల కుటుంబాలు కొన్నైనా కనిపిస్తాయి. 1971 యుద్ధం నాటికి ఇరవై ఏళ్ళున్న జవాను నేడు డెబ్భైల మధ్యలో ఉన్నాడు. 1984లో సియాచిన్‌ మీద సైన్యం అడుగుపెట్టిననాటి యువకుడు అరవై దాటాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ తలెత్తే వయస్సు సరిగ్గా ఇదే.

ఈ వ్యాసంలో ఆ జబ్బు గురించి కొంత, ఆ జబ్బు వచ్చిన మాజీ సైనికుడికి వైకల్య పింఛను విషయంలో ఎదురయ్యే చిక్కు గురించి ఎక్కువగా వ్రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాను. ప్రభుత్వ ఆసుపత్రులలో జీవితమంతా గడిపిన వైద్యుడిని. అయితే ఈ చిక్కుకు మూలం న్యాయస్థానంలో లేదు. వైద్యుని కలంలో ఉన్నది. అందుచేత దీనిని గురించి మాట్లాడే బాధ్యత వైద్యులకే ఎక్కువ అని నా నమ్మకం.

జబ్బు సంగతి

మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకొని, ఉసిరికాయంత పరిమాణంలో ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. ఇది పురుషులలో మాత్రమే ఉండే గ్రంథి. వయస్సు పెరిగేకొద్దీ చాలామందిలో ఇది ఉబ్బుతుంది. ఆ ఉబ్బు క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. రాత్రివేళ పదేపదే మూత్రానికి లేవడం, ధార సన్నబడడం, మొదలుపెట్టడానికి ఆలస్యం కావడం దీని లక్షణాలు. చిక్కేమిటంటే క్యాన్సర్ తొలిదశలో చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. లక్షణాలు కనిపించినా, అవి మామూలు ఉబ్బు లక్షణాలలాగే ఉంటాయి. నడుము ఎముకలలో నొప్పి మొదలయ్యేసరికి వ్యాధి గ్రంథి దాటి ఉండవచ్చు.

పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష అనుమానాన్ని కలిగిస్తుంది గాని రోగనిర్ధారణ చేయదు. ఇన్ఫెక్షన్ ఉన్నా, మూత్రం బిగించినా ఆ అంకె పెరుగుతుంది. గ్రంథి ఉబ్బు తగ్గడానికి ఫినాస్టిరైడ్ మాత్ర నెలల తరబడి వాడుతున్నవారిలో ఆ అంకె సుమారు సగానికి పడిపోతుంది. ఆ సంగతి వైద్యునికి చెప్పకపోతే ప్రమాదం ఉన్నా అంకె నిమ్మళంగా కనిపిస్తుంది. నిర్ధారణ జరగాలంటే గ్రంథి నుండి ముక్క తీసి పరీక్షించవలసిందే.

ఈ క్యాన్సర్ ఎందుకు వస్తుంది? వయస్సు, వంశం, కొన్ని జన్యువులు అన్నవి నిర్ద్వంద్వంగా తెలిసినవి. ఆపైన తెలిసినది తక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ప్రోస్టేట్ విషయంలో ‘పరిమితమైన సాక్ష్యం’ ఉన్నదని చెప్పినవాటిలో కాడ్మియం, ఆర్సెనిక్, ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు, రబ్బరు పరిశ్రమలో పని, మలాథియాన్ అనే కీటకనాశిని, రాత్రి పాళీ పని ఉన్నాయి. 2022లో అగ్నిమాపక సిబ్బంది వృత్తిని కూడా ఆ సంస్థ ఈ వరుసలో చేర్చింది. ‘పరిమితమైన సాక్ష్యం’ అంటే రుజువైనదని కాదు, కొట్టివేయదగినదనీ కాదు. ఈ మధ్యస్థితిని పాఠకులు గుర్తుంచుకోవాలి. వ్యాసమంతా దానిచుట్టూనే తిరుగుతుంది.

ఒక మాట, దాని వెల

సైన్యం నుండి విడుదలయ్యేటప్పుడు వైద్య బోర్డు పరీక్షిస్తుంది. జబ్బు ఏదైనా ఉంటే రెండు ప్రశ్నలకు సమాధానం వ్రాస్తుంది. ఈ జబ్బు సైనిక సేవ వలన కలిగినదా? లేక వేరే కారణం చేత కలిగి, సైనిక సేవ వలన ముదిరినదా? రెండింటిలో ఏ ఒక్కదానికి ‘అవును’ అని వ్రాసినా వైకల్య పింఛనుకు దారి తెరుచుకుంటుంది. రెండింటికీ ‘కాదు’ అంటే తలుపు మూసుకుపోతుంది.

ఆ తలుపు వెల ఎంతో చూడండి. నూరు శాతం వైకల్యానికి వైకల్య భాగం, చివరి జీతంలో 30 శాతం. వైకల్యం తగ్గితే ఆ మేరకు తగ్గుతుంది. చివరి జీతం 50,000 రూపాయలనుకుంటే, నూరు శాతానికి నెలకు 15,000, యాభై శాతానికి 7,500. మామూలు పింఛనుకు ఇది అదనం. ఆ జబ్బుతోనే సైనికుడు మరణిస్తే తేడా ఇంకా పెద్దది. సాధారణ కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతమైతే, సేవా సంబంధమైన మరణానికి ఇచ్చే ప్రత్యేక కుటుంబ పింఛను 60 శాతం. బోర్డు వ్రాసిన ఒక్క మాట, భర్త పోయిన తర్వాత కూడా ఇల్లాలి నెలసరి రాబడిని సగానికి తెగ్గోస్తుంది.

ఇంత బరువున్న మాటను ఎలా వ్రాస్తున్నారు? చాలా కాగితాలలో కారణం చోట కనిపించేది ఒకే పదం, ‘కాన్‌స్టిట్యూషనల్’. శరీరతత్త్వం వలన వచ్చినదని దాని అర్థం. పదవీ విరమణ తర్వాత సలహాకు నా దగ్గరకు వచ్చిన ఒక మాజీ హవల్దారు ఆ కాగితం చేతికిచ్చి, “డాక్టరు గారూ, నా జబ్బుకీ రాజ్యాంగానికీ సంబంధం ఏమిటండీ?” అని అడిగారు. ఆయన వేళాకోళానికి అనలేదు. ఆ పదానికి ఆయనకు తెలిసిన అర్థం అదొక్కటే. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో ఎత్తు, ఛాతీ, కన్ను, చెవి, పన్ను అన్నీ కొలిచి ‘నిక్షేపంగా ఉన్నాడు’ అని వ్రాసి చేర్చుకున్న శరీరం, తిరిగి అప్పగించేటప్పుడు మాత్రం పుట్టుకతోనే లోపభూయిష్టమైనదెలా అయిందని ఆయన సందేహం. అది అక్షరాలా సరియైన సందేహం.

న్యాయస్థానాలు చెప్పినది

2013 జూలైలో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ సందేహానికి జవాబు. ఆయన 1985లో సైన్యంలో చేరి, తొమ్మిదేళ్ళ తరువాత మూర్ఛవ్యాధితో 20 శాతం వైకల్యం ఉన్నదని ఇంటికి పంపబడిన సిపాయి. ఆయనకూ ‘శరీరతత్త్వ సంబంధమైనది’ అన్న మాటే వ్రాశారు. కోర్టు స్థిరపరచిన సూత్రాలు స్థూలంగా ఇవి. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్లు నమోదు కాకపోతే, ఆరోగ్యంగానే చేరినట్లు భావించాలి. తరువాత ఆరోగ్యం చెడితే అది సేవ వలననే అని భావించాలి. కాదని రుజువు చేయవలసిన భారం సైనికునిది కాదు, ప్రభుత్వానిది. సహేతుకమైన సందేహం ఉంటే దాని ప్రయోజనం సైనికునికే దక్కాలి. చేరేనాటి పరీక్షలో ఆ జబ్బు ఎందుకు బయటపడలేదో బోర్డు కారణాలు వ్రాయాలి.

2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో, వైకల్య శాతాన్ని పైమెట్టుకు సవరించే సౌకర్యం, వైకల్యంతో బయటకు పంపబడినవారికే కాక, గడువు ముగించుకొని విడుదలైనవారికి కూడా వర్తిస్తుందని అదే కోర్టు చెప్పింది. అంటే 50 లోపు ఉన్నది 50గా, 50 నుండి 75 వరకు 75గా, 76 నుండి 100 వరకు 100గా లెక్క. 2025 మేలో రాజుమోన్ కేసులో, కారణాలు లేని వైద్య బోర్డు అభిప్రాయం ఆధారంగా పింఛను నిరాకరించడం చెల్లదని మరల చెప్పింది.

రెండవ వైపు కూడా చెప్పాలి. 2009లో దామోదరన్ కేసులో, నిపుణులైన వైద్య బోర్డు అభిప్రాయానికి తగిన గౌరవం ఇవ్వాలని ఇదే సుప్రీంకోర్టు అన్నది. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో, చేరేటప్పుడు కొన్ని మానసిక వ్యాధులను కనిపెట్టలేరనీ, ఆ కారణం చేతనే అవి సేవ వలన వచ్చినట్లు అనుకోరాదనీ చెప్పింది. నాకు ఇందులో వైరుధ్యం కనిపించడం లేదు. బోర్డు మాటకు గౌరవం ఉన్నది, కాని ఆ గౌరవం కారణాలకు గాని ముద్రకు కాదు. 2023 సెప్టెంబరు 21 నుండి కొత్త అర్హతా నిబంధనలు అమలులోకి వచ్చాయి. అంతకుముందే విడుదలైనవారికి పాత నిబంధనలే ఆధారం. ఎవరి కేసుకు ఏవి వర్తిస్తాయన్నది మొదట తేల్చుకోవాలి.

ప్రోస్టేట్ విషయంలో ప్రత్యేకమైన చిక్కు

సిపాయి చాలావరకు నలభై ఏళ్ళ లోపే ఇంటికి వస్తాడు. ఈ క్యాన్సర్ ఆ వయస్సులో బహు అరుదు. కనుక ఇది సేవలో ఉండగా బయటపడేది ఎక్కువగా అధికారులలోనూ, సుబేదారు స్థాయి వారిలోనూ, సైన్యం నుండి వచ్చి రక్షణ భద్రతా దళంలో మరల చేరి యాభైలలో కూడా కొలువు చేసేవారిలోనూ. తక్కినవారికి జబ్బు బయటపడేనాటికి విడుదలై ఎన్నో ఏళ్ళు గడిచి ఉంటాయి. విడుదల తర్వాత పరిమిత కాలంలో బయటపడిన జబ్బు, సేవాకాలంలో మొదలైన ప్రక్రియకు ఆలస్యంగా కనిపించిన ఫలితమని వైద్యాధికారి నిర్ధారిస్తే ఒప్పుకునే వీలు నిబంధనలలో ఉన్నది. కాని ముప్ఫై ఏళ్ళ తరువాత వచ్చిన జబ్బును సేవకు ముడిపెట్టడం కష్టం. పాఠకులకు లేనిపోని ఆశ కల్పించడం నాకు ఇష్టం లేదు.

అమెరికాలో ఈ కష్టాన్ని వేరే దారిన పరిష్కరించారు. వియత్నాం యుద్ధంలో అడవుల ఆకులు రాల్చడానికి ‘ఏజెంట్ ఆరెంజ్’ అనే రసాయనాన్ని విమానాల నుండి చల్లారు. అందులో డయాక్సిన్ అనే విషపదార్థం కలిసి ఉండేది. ఏ సైనికుని మీద ఎంత పడిందో కొలిచినవారు లేరు. 1991లో వారి శాసనసభ ఒక చట్టం చేసింది. శాస్త్రవేత్తల సంఘం సాక్ష్యాలను పరిశీలించి, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ‘పరిమితమైన లేక సూచనప్రాయమైన’ సాక్ష్యమే ఉన్నదని చెప్పింది. అంత మాత్రానికే 1996లో ఆ జబ్బును ‘సేవ వలన వచ్చినట్లు భావించదగిన’ జాబితాలో చేర్చారు. వియత్నాంలో పనిచేసినట్లు, ఈ క్యాన్సర్ వచ్చినట్లు కాగితాలుంటే చాలు. సంబంధాన్ని రుజువు చేయమని ఎవరినీ అడగరు. చికిత్స సాగినంతకాలం నూరు శాతం వైకల్యంగా లెక్కిస్తారు. చికిత్స ముగిసిన ఆరు నెలలకు మరల పరీక్షించి, మిగిలిన ఇబ్బందులను బట్టి శాతం నిర్ణయిస్తారు. 2022లో మరొక చట్టంతో, గల్ఫ్ ప్రాంతంలోనూ, అఫ్ఘనిస్తాన్‌లోనూ చెత్తమంటల పొగకు గురైనవారికి కూడా ఈ విధానాన్ని విస్తరించారు.

ఇందులోని నీతిని మనం గ్రహించాలి. శాస్త్రం తీర్పు చెప్పలేకపోయినచోట రాజ్యం తీర్పు చెప్పింది. ‘అనుమానం ఉన్నది, ఆ భారం సైనికుడు మోయనక్కరలేదు, మేము మోస్తాము’ అన్నది. ధరంవీర్ సింగ్ తీర్పు సారాంశం కూడా ఇదే. తేడా ఏమిటంటే అక్కడ ఆ మాట జాబితాగా ముందే అచ్చయి ఉన్నది. ఇక్కడ ఒక్కొక్క సైనికుడు, ఒక్కొక్క వితంతువు, విడివిడిగా మెట్లెక్కి ఆ మాటను సాధించుకోవాలి. డెబ్భై ఏళ్ళ మనిషి, మూత్రపు గొట్టం పెట్టుకొని, రాజమండ్రిలో రాత్రి రైలెక్కి చెన్నై వెళ్ళి వాయిదాకు హాజరు కావడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

నా అభిప్రాయం

మన సైన్యం ఏజెంట్ ఆరెంజ్ చల్లలేదు. కనుక అమెరికా జాబితాను యథాతథంగా దించుకోవడం అర్థరహితం. కాని ఇంధనాలు, ద్రావకాలు, రంగులు, ఎక్స్ కిరణాల యంత్రాలు, అగ్నిమాపక విధులు, దోమల మందు పిచికారీ, ఏళ్ళ తరబడి రాత్రి కాపలా, ఇవన్నీ మన సైనికుల బతుకులోనూ ఉన్నవే. ఏ విధులలో ఎంతకాలం పనిచేసినవారికి ఏ క్యాన్సర్‌ను సేవా సంబంధంగా భావించాలో, సైనిక వైద్యులూ, క్యాన్సర్ శాస్త్రజ్ఞులూ కూర్చొని మన పరిస్థితులకు తగిన జాబితా తయారుచేయాలి. కొన్ని సంవత్సరాలకొకసారి సవరించాలి. ఇది నా మొదటి కోరిక.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ‘వయస్సు పైబడితే అందరికీ వచ్చే జబ్బుకు సైన్యం ఎందుకు చెల్లించాలి?’ అని. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. మన డెల్టాలో ఇది మరింత చిక్కు. పదిహేడేళ్ళు సైన్యంలో చేసి వచ్చిన మనిషి, ఆ పైన పాతికేళ్ళు తన వరిచేలో తానే మందులు కొట్టి ఉండవచ్చు. మలాథియాన్ డబ్బా ఈ ప్రాంత రైతుకు కొత్త కాదు. ఏ మందు ఎక్కడ ఒంటికి పట్టిందో ఏ పరీక్షా చెప్పలేదు. నా సమాధానం ఇది. అటువంటప్పుడు బోర్డు రెండు చరిత్రలూ అడిగి, రెండూ వ్రాసి, ఏ కారణం చేత ఒకవైపు మొగ్గినదో చెప్పాలి. కారణాలు చదివిన తర్వాత ‘కాదు’ అన్న జవాబునైనా మనిషి ఒప్పుకోగలడు. ఏమీ అడగకుండా ‘కాదు’ అంటే దానిని వైద్యం అనలేము.

రెండవ అభ్యంతరం, ‘దొంగ క్లెయిములు పెరుగుతాయి’ అని. ముక్కపరీక్ష ద్వారా సూక్ష్మదర్శినిలో నిర్ధారణ అయ్యే జబ్బు ఇది. నటించడానికి వీలున్న జబ్బు కాదు. దుర్వినియోగం ఎక్కడైనా జరిగితే దానికి మందు కట్టుదిట్టమైన పరీక్ష గాని, అందరికీ ఒకే రబ్బరు ముద్ర కాదు.

మరొక మాట. ‘సేవ వలన కలిగినదా’ అన్న ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. ‘సేవ వలన ముదిరినదా’ అన్న రెండవ ప్రశ్నను నిర్లక్ష్యం చేస్తున్నారు. మూత్ర ఇబ్బంది మొదలైన సుబేదారు, మూత్రవ్యాధి నిపుణుడు అందుబాటులో లేని ఎత్తైన కొండల మీదనో, సరిహద్దు చౌకీలోనో ఏడాది గడిపితే, పరీక్ష ఆలస్యమైతే, ఆ ఏడాదిలో జబ్బు గ్రంథి దాటితే, అది ముదరడం కాక మరేమిటి? సేవా పరిస్థితులు జబ్బు గమనాన్ని చెడగొడితే ఒప్పుకోవాలని నిబంధనలే చెబుతున్నాయి. జబ్బు ఎందుకు వచ్చిందో తెలియకపోయినా, ఎందుకు ఆలస్యంగా దొరికిందో కాగితాలలో తెలుస్తుంది. ప్రోస్టేట్ కేసులలో చాలామందికి నిజమైన ఆధారం ఇక్కడే దొరుకుతుందని నా అభిప్రాయం.

మీ ఇంట మాజీ సైనికుడు ఉంటే

యాభై అయిదు దాటినవారు మూత్ర సంబంధమైన ఇబ్బందిని ‘వయస్సు’ అని దాచుకోకండి. ఏ లక్షణమూ లేనివారు పి.ఎస్.ఎ. చేయించుకోవాలా వద్దా అన్నది 55 నుండి 69 ఏళ్ళ మధ్య వైద్యునితో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం. డెబ్భై దాటినవారికి లక్షణాలు లేకుండా ఆ పరీక్ష సాధారణంగా అవసరం లేదు. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉంటే ఇంకా ముందే అడగండి.

కాగితాలు భద్రం. విడుదలనాటి వైద్య బోర్డు పత్రం లేకపోతే సమాచార హక్కు చట్టం క్రింద అడగవచ్చు. ఏ సంవత్సరం ఎక్కడ, ఏ పనిలో ఉన్నారో జ్ఞాపకం ఉండగానే ఒక కాగితం మీద వ్రాయించండి. తిరస్కరణ ఉత్తరం వస్తే మొదటి అప్పీలుకు గడువు ఆరు నెలలు. అదీ కాదంటే రెండవ అప్పీలు ఉన్నది. ఆ తరువాత సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో ఏర్పడిన ఈ ట్రిబ్యునల్‌కు సంబంధించి మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలోనిది. ట్రిబ్యునల్ కాదన్నా హైకోర్టుకు వెళ్ళే దారి ఉన్నదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఆలస్యం చేయకండి. పింఛను విషయంలో ఆలస్యమైనా హక్కు పూర్తిగా పోదు గాని, బకాయిలు సాధారణంగా దరఖాస్తుకు ముందు మూడేళ్ళకే పరిమితం. ఇది 2008లో తర్సేమ్ సింగ్ కేసు నుండి వస్తున్న సూత్రం. ‘పెద్దాయన పోయాక చూద్దాం’ అనుకున్న కుటుంబాలు ఏళ్ళ సొమ్మును ఇలాగే పోగొట్టుకుంటాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తుకు సాయం చేస్తారు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలో ఉన్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళి అడగమని వితంతువులకు చెప్పండి.

చివరగా నా తోటి వైద్యులకు, ముఖ్యంగా మన పట్టణాలలో ఆసుపత్రులు నడుపుతున్న యువ వైద్యులకు ఒక విన్నపం. మీ దగ్గరకు ఈ జబ్బుతో వచ్చిన వృద్ధుడిని ‘ఏం పని చేసేవారు?’ అని అడగండి. సైన్యం అంటే ఏ విభాగం, ఏ విధులు, లక్షణాలు మొదట ఏ సంవత్సరం కనిపించాయి అన్నవి కేసు షీటులో తేదీలతో వ్రాయండి. పొలంలో మందు కొట్టిన సంగతి కూడా దాచకుండా వ్రాయండి. శస్త్రచికిత్స తరువాత మూత్రం అదుపు తప్పడం, హార్మోను చికిత్సతో ఎముకలు బలహీనపడడం, నిస్సత్తువ, దాంపత్యానికి దూరం కావడం, వీటిని కూడా నమోదు చేయండి. సిగ్గుచేత రోగి చెప్పనివి ఇవే, వైకల్య శాతాన్ని నిర్ణయించేవీ ఇవే. దానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ వ్రాత మీరు ఎన్నడూ చూడని ఒక గదిలో, మీరు ఎరుగని మనుషుల ముందు, ఆ రోగి తరఫున మాట్లాడుతుంది. ఆ రోగి అప్పటికి లేకపోతే, ఆయన భార్య తరఫున మాట్లాడుతుంది.